పెట్టెలు ఖాళీ చేసిన మధ్యాహ్నం

చెరిపెయ్యడం తనకి చేతనైనట్టు ఆ ఆసుపత్రిలో మరెవరికీ చేతకాదని పెట్టెలమ్మకి గట్టి నమ్మకం. రాసేవాళ్ళు, దాచేవాళ్ళు, పోగేసేవాళ్ళు ఎక్కడ చూసినా దొరుకుతారు, ఒద్దికగా పారేసేవాళ్ళే కరువు అని ఆమె వాదన. వాదన సంగతి ఎలా ఉన్నా, ఆ పని దగ్గర ఆమెకి వంక పెట్టినవాళ్ళు లేరు. అది గొంతు జబ్బులకి వైద్యం చేసే ఆసుపత్రి. అక్కడి కంప్యూటర్ల మంచీచెడ్డా అంతా ఆమెదే. ఎవరు ఏ ఫిర్యాదు మోసుకొచ్చినా "ఏ పెట్టెలోది?" అని అడగడం అలవాటు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు.

పెట్టెలంటే చెక్కవీ కావు, ఇనుపవీ కావు. ఒక ప్రోగ్రాము నడవడానికి కావలసిన సరంజామా అంతా ఒక్కచోట సర్ది ఉంచుతారు, దాన్ని కంటెయినర్ అంటారు. పనైపోతే దాన్ని మూసేసి కొత్తది తెచ్చుకుంటారు. చిక్కల్లా ఏమిటంటే, పెట్టె పోయినా దాని సామాను పోదు. అర్థంపర్థం లేని అక్షరాలూ అంకెలూ కలిపిన పేర్లతో డైరెక్టరీలు డిస్కులో ఓ మూల పడి ఉంటాయి. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేశాక వాళ్ళ మంచాలూ బీరువాలూ గదుల్లోనే ఉండిపోయినట్టు. అలా ఏళ్ళ తరబడి పేరుకుపోయి ఇప్పుడు ఆ డిస్కు పీకల దాకా నిండింది.

నిండితే నిండిందిలే, ఇంకో నెలకి కొత్త డిస్కు రాకపోతుందా అని ఊరుకోవడానికి లేదు. ఈసారి ఆ ఖాళీ కావలసింది పిన్ని గొంతుకి.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. పెట్టెలమ్మకి ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. తిండి పెట్టిందీ, జుట్టు దువ్విందీ, బళ్ళో వేసిందీ, చీవాట్లు పెట్టిందీ అన్నీ పిన్నే. పిన్ని ఉద్యోగం అచ్చాఫీసులో, ప్రూఫులు చదివి వినిపించడం. పక్కనాయన అచ్చుకాగితం మీద చూసుకుంటూ ఉంటే ఈవిడ అసలు ప్రతిని పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. అందులో భావం ఒలికిందంటే తప్పులు దొర్లిపోతాయట. అందుకని ఆఫీసులో పిన్ని గొంతు నేల మీద గీసిన గీతలా సాఫీగా సాగిపోయేది. గుమ్మం దాటి ఇంట్లో అడుగు పెట్టిందా, అదే గొంతు మెట్లెక్కేది, దిగేది, మధ్యలో ఆగి మూతి ముడుచుకునేది.

ఆ గొంతుకి జబ్బు చేసింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదన్నారు. ఆపరేషన్‌కి ముందు ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. మెత్తటి గోడల గదిలో రోగిని కూర్చోబెట్టి గొంతు రికార్డు చేస్తారు. మొదట ఇచ్చిన పాఠం చదవాలి, తరవాత ఇంట్లో రోజూ అనుకునే మాటలు తమకి తోచినవి చెప్పాలి. మిషన్ అదంతా విని నేర్చుకుంటుంది. ఆ తరవాత రోగి ఏది టైపు చేస్తే అది వాళ్ళ గొంతుతోనే పలుకుతుంది. పిన్ని పాఠం అంతా అచ్చాఫీసు పద్ధతిలో గడగడా చదివేసింది. ఇంటి మాటలు చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం పెట్టెలమ్మని బయటికి తోసింది.

"నువ్వు పోవే అవతలికి. నీ మొహం చూస్తే నాకు నవ్వాగదు."

"నేనేం చేశాను పిన్నీ?"

"ఏం చేశావో లోపల చెప్తున్నా కదా, పో!"

పిన్ని నోటి నుంచి ఆమె విన్న చివరి పోట్లాట అదే. ఆపరేషన్ అయిపోయింది. పిన్ని ఇప్పుడు మెడకి కట్టుతో ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని పలక మీద రాసి మాట్లాడుతోంది. కట్టు విప్పిన రోజున గొంతు తయారు చేస్తానని ఆ మిషన్ పని చూసే డాక్టరమ్మ మాట ఇచ్చింది. మిషన్ నేర్చుకోవాలంటే బోలెడు ఖాళీ చోటు కావాలి. "ముందు చోటు చెయ్యవే అమ్మాయ్, మిగతాది నేను చూసుకుంటా" అంది. ఇంకొక సంగతి పెట్టెలమ్మకి మాత్రమే తెలుసు. డిస్కు నిండిన రోజు నుంచీ రెండో నకలు తీసే ఏర్పాటు ఆగిపోయింది. పాత రోగుల గొంతులు రెండేసి చోట్ల భద్రంగా ఉన్నాయి. పిన్ని గొంతుకి మాత్రం రెండో నకలు లేదు. చోటు దొరకగానే మొదట చెయ్యాల్సింది ఆ నకలే అని ఆమె మనసులో రాసిపెట్టుకుంది. ఈలోగా ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి జేబులో వేసుకుంటే పోయేది. అంత చిన్న ఆలోచన అంత పెద్ద బుర్రకి తట్టలేదు.

ఆమె బుర్రంతా స్క్రిప్టు మీద ఉంది. స్క్రిప్టు అంటే మిషన్‌కి రాసిచ్చే పనుల చీటీ. వరసగా ఒక్కొక్క మాటా చదువుకుంటూ చెప్పింది చెప్పినట్టు చేసుకుపోతుంది. చెప్పనిది చెయ్యదు, చెప్పిందాంట్లో తప్పుంటే అదీ చేసేస్తుంది. అందుకని ఆమె ప్రతి మలుపులోనూ ఒక కాపలా పెట్టింది. డైరెక్టరీ పేరు ఖాళీగా వస్తే అక్కడే ఆగిపో, లేకపోతే ఇంటి మొదలునుంచీ ఊడ్చిపారేస్తావు. పెట్టె ఇంకా నడుస్తుంటే ముట్టుకోకు. దేన్నీ ఒక్కసారే చెరపకు, ముందు బయటి గదిలోకి జరుపు, ఒక పూట చూడు, ఎవరూ లబోదిబోమనకపోతే అప్పుడు చెరుపు. చెరిపేటప్పుడు వేరే డిస్కు గడప తొక్కకు.

ఇదంతా చదివి వినిపిస్తే డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, "చెత్త పారెయ్యడానికి ఇంత భయమా?" అంది.

"భయం కాదు మేడమ్, మర్యాద" అంది పెట్టెలమ్మ. ఆ జవాబు తనకే నచ్చి ఆ రోజంతా నలుగురికి చెప్పుకుంది.

పొద్దున్నే ఉత్తుత్తి పరుగు ఒకటి పెట్టింది. అంటే స్క్రిప్టు ఏదీ చెరపదు, ఏం చెరపబోతోందో పైపైన డైరెక్టరీల పేర్లు, తలుపుల మీది పేర్లలా, మాత్రం చూపిస్తుంది. అన్నీ పాత పెట్టెలవే. బయటి గదిలోకి జరిపింది. పూట గడిచింది, ఎవరి పనీ ఆగలేదు, ఎవరూ నోరెత్తలేదు. భోజనం చేసొచ్చి, స్వెట్టరు తొడుక్కుని, మిషన్ల గదిలో తన కుర్చీలో వెనక్కి వాలి, అసలు పరుగు మొదలుపెట్టింది.

ఆమెకో అలవాటుంది. గంటల తరబడి తెర మీద జారిపోయే వరసలు చూస్తే కళ్ళు మండుతాయని, మిషన్ రాసేదంతా గొంతు చేత చదివించుకుంటూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటుంది. ఆ చదివే గొంతు డాక్టరమ్మది. మొదటి ప్రయోగం తన మీదే చేసుకుని తయారుచేసిన గొంతు అది. ఏది ఇచ్చినా తొణక్కుండా బెణక్కుండా చదువుతుంది.

"ఏ, ఏడు, ఎఫ్, మూడు, సి, సున్నా. తీసేశాను. బి, నాలుగు, నాలుగు, డి, తొమ్మిది. తీసేశాను."

బయట ఎండ పేలిపోతోంది. లోపల చల్లగా, మసక వెలుతురు. నల్లటి బీరువాల్లో ఫ్యాన్లు ఒకే శ్రుతి మీద గొణుగుతున్నాయి, చిన్న పచ్చ దీపాలు తమలో తాము ఏదో చెప్పుకుంటున్నట్టు వెలిగి ఆరుతున్నాయి. కడుపు నిండా తిండి, చెవి నిండా నిదానమైన మాట. పెట్టెలమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. చేతిలో చీపురుతో ఆమె పొడుగాటి వసారాలో నడుస్తోంది. రెండు వైపులా తలుపులు, తలుపుల మీద ఎవరికీ అక్కర్లేని పేర్లు. ఒక్కొక్కటే తోసి లోపలికి తొంగి చూస్తోంది. ప్రతి గదిలోనూ అదే కిటికీ, అదే బల్ల, ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి కాగితాల్లోంచి చూస్తున్నట్టు మసగ్గా. ఆమె ఊడ్చుకుంటూ బయటికి వచ్చేసరికి వెనక గది ఉండటం లేదు. ఆ లేకపోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"ఈ, ఒకటి, ఎనిమిది, ఏ. తీసేశాను. తలుపు వేశావా. తీసేశాను."

"వేశాను పిన్నీ" అంది పెట్టెలమ్మ నిద్దట్లో.

"తడి జుట్టుతో పడుకోకు. తీసేశాను."

ఆమె చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది. పొడిగానే ఉంది.

"సరే నీ ఇష్టం, నా మాట ఎవరు విన్నారు గనక. తీసేశాను."

ఆమె చటుక్కున కళ్ళు తెరిచింది. రికార్డు చేసిన ప్రతి మాటకీ ఆ మాటే ఫైలు పేరుగా పెట్టడం ఆసుపత్రి పద్ధతి, నర్సులు వెతుక్కోవడానికి వీలుగా. ఎక్కడి పిన్ని మాటలు, ఎక్కడి చెత్త డైరెక్టరీలు! వేళ్ళు మీటల మీద పడ్డాయి. స్క్రిప్టు ఆగిపోయింది. తెర నిశ్చలమైంది.

గొంతు ఆగలేదు.

చదివే గొంతు మనిషి వేగంతో చదువుతుంది, మిషన్ మిషన్ వేగంతో చెరుపుతుంది. ఆ తేడా అంతవరకూ ఆమెకి పట్టలేదు. తను విన్న మొదటి మాట చెవిన పడేసరికే మిషన్ ఎంతో దూరం వెళ్ళిపోయింది. ఇప్పుడు వినిపిస్తున్నవన్నీ అప్పటికే లేనివి. డాక్టరమ్మ గొంతు ఆ చల్లటి గదిలో తీరిగ్గా చదువుకుపోతోంది. గొడుగు తీసుకెళ్ళు. తీసేశాను. ఎవరే ఆ ఫోను. తీసేశాను. ఎండ తగ్గాక బయల్దేరుదాం. తీసేశాను. కోపం నీ మీద కాదులే. తీసేశాను. ఆపెయ్యాలని చెయ్యి ఎత్తింది గానీ ఆపలేకపోయింది. ఆపితే ఏం పోయాయో కూడా తెలియకుండా పోతుంది. కాగితం లాక్కుని, కళ్ళనీళ్ళు కారుతుంటే, వినిపించినవన్నీ రాస్తూ కూర్చుంది. ఎంతసేపో తెలియదు. చివరికి గొంతు చదవడం ముగించి ఊరుకుంది, ఫ్యాన్ల గొణుగుడు మిగిలింది.

పాఠం చదివిన రికార్డులు వేరే చోట ఉండబట్టి బతికిపోయాయి. ఇంటి మాటలు ఒక్కటీ మిగల్లేదు.

ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనకి షార్ట్‌కట్ బాబాయి అని పేరు. చుట్టు తిరిగి వెళ్ళే పని ఆయన ఒంటికి పడదు. ఇప్పుడు ఉద్యోగం మానేసి కోళ్ళు పెంచుకుంటున్నాడు. ఫోన్ చేస్తే ముందు కోళ్ళ గోల వినిపించింది.

"ఓ, ఆ కిటికీనా తల్లీ! గొంతులుండే గది ఒకటి కదా. పాత పెట్టెలోంచి కూడా అవి కనపడాలన్నారు. ఇంకో నకలు దేనికి, చోటు దండగ అని, పెట్టె గోడకి కిటికీలా పెట్టి అందులోంచి ఆ గదే కనపడేట్టు చేశాను. మౌంటు అంటార్లే దాన్ని. కొత్తగా వచ్చే గొంతులు ముందు చేరే గది ఒక్కటేలే. చెబుదామనే అనుకున్నాను సుమా, మతిమరుపు..."

"అదే డిస్కులో గది కదూ బాబాయ్?"

"అదే డిస్కు. ఏం, ఏమైంది?"

ఏమీ కాలేదని ఫోన్ పెట్టేసింది. అరిచి ప్రయోజనం లేదు, పైగా ఆ కోళ్ళు బెదురుతాయి. తన కాపలా ఎక్కడ మోసపోయిందో ఆమెకి అర్థమైంది. వేరే డిస్కు గడప తొక్కకు అని రాసింది. అది తొక్కనూ లేదు. ఒకే డిస్కులో ఒక గదికీ ఇంకో గదికీ మధ్య కిటికీ ఉంటే స్క్రిప్టు కంటికి అక్కడ గడపే లేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి అవతల గదంతా తుడిచేసింది. పెట్టెని బయటి గదిలోకి జరిపినప్పుడు కిటికీ కూడా దాంతోపాటే జరిగింది, అవతల గది ఉన్నచోటే ఉంది, కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఉత్తుత్తి పరుగు తలుపుల పేర్లు చూపించి ఊరుకుంది, లోపలేముందో అడగాలని ఆమెకి తోచలేదు. మర్యాదట, మర్యాద! ఆ మాట గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పోయినవాటిని వెనక్కి రాబట్టడానికి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. ఊపిరాడనంత నిండిన డిస్కులో ఖాళీ దొరికీ దొరకగానే వేరేవి వచ్చి కూర్చున్నాయి. దొరికినవి తునకలు. ఒక చోట "వేశా" అన్న ముక్క, ఇంకో చోట "జుట్" అని సగం, మరో చోట ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పిన్ని ఎదురుగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పేసింది. కిటికీ గురించి, గడప గురించి, నిద్ర గురించి కూడా. పిన్ని వింటున్నంతసేపూ పలక మీద వేలితో గీతలు గీస్తూ ఉంది. చెప్పడం అయిపోయాక మొహం కిటికీ వైపు తిప్పుకుంది. పిన్నికి కోపం వస్తే ఇల్లు పీకి పందిరి వేసేది. ఇప్పుడు ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తుంటే అవి గాలికి ఉబ్బి మెల్లగా అణుగుతున్నాయి, పిన్ని వాటినే చూస్తోంది.

"తిట్టు పిన్నీ" అంది పెట్టెలమ్మ. "ఏదో ఒకటి అనవే!"

పిన్ని పలక దగ్గరికి లాక్కుని రాసింది. "తిట్టడానికి దాచుకున్నవి కూడా వాటిల్లోనే పోయాయి కదే."

రాసిన వెంటనే ఆవిడకే నవ్వొచ్చింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. తరవాత ఆ భుజాలు ఇంకోలా కదిలాయి. పెట్టెలమ్మ వెళ్ళి పట్టుకుంది. ఇద్దరూ దీపం వెయ్యాలన్న ధ్యాస కూడా లేకుండా చాలాసేపు అలాగే ఉండిపోయారు.

మర్నాడు ఆమె స్క్రిప్టు తిరగరాసింది. ఏ డైరెక్టరీ అయినా సరే, దాని కింద ఎంత లోపలైనా సరే, కిటికీ ఏదైనా తెరుచుకుని ఉందా అని ముందు మిషన్‌నే అడుగు. ఏ గది ఎక్కడెక్కడ కనబడుతోందో మిషన్ దగ్గర ఎప్పుడూ లెక్క ఉంటుంది. ఒక్క కిటికీ ఉన్నా ముట్టుకోకుండా వెనక్కి వచ్చి నాకు చెప్పు. ఉత్తుత్తి పరుగులో తలుపులు కాదు, లోపలి సామాను చూపించు. నేను చూసి ఊ అంటే గానీ కదలకు. ఆ కిటికీని తన చేత్తోనే ఊడదీసి, గోడ మూసి, మిగతా పెట్టెలన్నీ ఖాళీ చేసింది. ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు, కుర్చీలో కూర్చోనూ లేదు. చోటు కావలసినంత వచ్చింది. రెండో నకలు మొదలైంది. ఇంత చక్కగా, ఒక్క పొల్లు పోకుండా పని జరిగితే ఇంకో రోజైతే ఎగిరి గంతేసేది. ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చి ఊరికే నిలబడింది.

కట్టు విప్పిన రోజున డాక్టరమ్మ గొంతు తయారు చేసింది, మిగిలిన పాఠం రికార్డులతోనే. పిన్ని టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క అక్షరం నొక్కింది.

"తలుపు వేశావా" అంది మిషన్.

గొంతు పిన్నిదే. అందులో ఏ అనుమానమూ లేదు. కానీ తలుపు గురించి ఆ గొంతుకి ఏ బెంగా లేదు. వేసినా సరే, వెయ్యకపోయినా సరే, ఆ తరవాత కామా ఉందో లేదో చూసుకోండి అన్నట్టు పలికింది. పిన్ని ఇంకో రెండు మాటలు కొట్టి చూసింది. అన్నీ అలాగే, గీత గీసినట్టు. టాబ్లెట్ పక్కన పెట్టి పలక అందుకుంది.

"ఇది ఆఫీసు నేను. ఇంటి నేను ఏదీ?"

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది. తరవాత పెట్టెలమ్మ వైపు తిరిగింది. "ఒక దారుంది. పాటకి వరస ఒకరు కడితే పాడేది ఇంకొకరు కదా, అలాగన్నమాట. ఈవిడ ఎలా అనేదో అలాగే ఎవరైనా అని రికార్డు చేస్తే, ఆ వరస మీద ఈవిడ గొంతు పరచొచ్చు. మిషన్ చేస్తుంది. కాకపోతే ఆ వరస కచ్చితంగా వచ్చినవాళ్ళు కావాలి."

"ఎవరికొస్తుంది మేడమ్ అది?"

పిన్ని పలక మీద గబగబా రాసి ఆమె మొహం మీదికి తిప్పింది. "రోజూ నాతో నా గొంతుతోనే పోట్లాడతావు, నీకే తెలీదు."

మెత్తటి గోడల గదిలో అడుగు పెడితే బయటి లోకం అక్కడికక్కడే తెగిపోతుంది. చెప్పుల చప్పుడు కూడా నేలలోకి ఇంకిపోతుంది. బల్లకి ఒక పక్క మైకు ముందు పెట్టెలమ్మ, ఎదురుగా పిన్ని, మధ్యలో ఆ మధ్యాహ్నం తడి కళ్ళతో రాసిన కాగితం. పెట్టెలమ్మ మొదటి మాట చదివింది. పిన్ని తల అడ్డంగా ఊపి, గాల్లో చేత్తో చిన్న కొండ గీసింది. ఇక్కడ ఎక్కు, ఇక్కడ దిగు, ఇక్కడ ఒక్క క్షణం ఆగి అప్పుడు అను. పెట్టెలమ్మ మళ్ళీ అంది. ఈసారి ఆమె నోట్లోంచి వచ్చిన "తలుపు వేశావా" విని ఆమే ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది. పిన్ని బల్ల మీద చరిచి, అదీ అన్నట్టు వేలు చూపించింది.

అక్కణ్ణించి ఆగలేదు. గొడుగు మాట, ఫోను మాట, నా మాట ఎవరు విన్నారు గనక అని మూతి తిప్పే మాట. పిన్ని పెదవులతో చప్పుడు లేకుండా అంటోంది, పెట్టెలమ్మ ఆ పెదవుల వెనకే చప్పుడుగా అంటోంది. కాసేపటికి ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకుండా పోయింది. ఇంతకాలం ఈ ఎక్కడం దిగడం తన గొంతులోనే ఉందని ఆమెకి తెలియదు. తనకి చీవాట్లు పెడుతున్న మాటలని తన నోటితోనే అంటుంటే, ఒక్కొక్క చీవాటు కింద ఎంత బెంగ ఉందో మొదటిసారి తగిలింది. తిట్లు తిన్నవాళ్ళకి ఆ బరువు తెలియదు, తిట్టేవాళ్ళకే తెలుస్తుంది.

కాగితం అడుగున ఒక్కటి మిగిలింది. "పడుకో, నేను మేలుకునే ఉంటాను."

పెట్టెలమ్మ అంది. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఇంకోలా అంది. అదీ కాదు. మెత్తగా అంది, లాగి అంది, గొణిగినట్టు అంది. ఏదీ కుదరలేదు. అనుకరణ అని తెలిసిపోతోంది. మిగతా మాటలన్నీ ఆమె ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరితో అన్నవే. ఇది మాత్రం చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో, జ్వరం వచ్చిన రాత్రుల్లో, కల వచ్చి లేచి ఏడ్చిన రాత్రుల్లో విని, విన్న వెంటనే నిద్రపోయిన మాట. దీన్ని ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం రానివ్వలేదు పిన్ని. పైగా మేలుకుని ఉండాల్సిన ఒక్క మధ్యాహ్నం తను ఏం చేసిందో గుర్తొచ్చి మైకు ముందు నుంచి వెనక్కి జరిగింది.

"ఇది నాకు రాదు పిన్నీ. వదిలేద్దాం."

పిన్ని పలక పక్కకి నెట్టేసింది. కట్టు విప్పిన మెడ ఇంకా పచ్చిగానే ఉంది, పొద్దుట్నించీ చేతులూపి ఊపి అలిసిపోయింది. బల్ల మీద మోచెయ్యి మడిచి, దాని మీద తల వాల్చి, కళ్ళు మూసుకుంది. నెరిసిన జుట్టు కొంచెం మైకు తీగ మీద పడింది. ఆ పడుకోవడంలో ఆవిడ ఎంత చిన్నగా ఉందో పెట్టెలమ్మ చూసింది. ఇంట్లో అందరికంటే చివర పడుకుని అందరికంటే ముందు లేచే మనిషి నిద్రపోతుంటే ఎలా ఉంటుందో ఆమె ఇన్నేళ్ళలో చూడనేలేదు. కాగితం పక్కకి జరిపేసింది. ముందుకి వంగి, ఆ మెడ మీది గాటుకి పైన, చెంప దగ్గరికి, మైకు ఉందన్న సంగతి మరిచిపోయి చెప్పింది.

"పడుకో. నేను మేలుకునే ఉంటాను."

పిన్ని కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం కొంచెం ఎత్తి, సరిపోయింది అన్నట్టు ఊపి, మళ్ళీ బల్ల మీద వాల్చేసింది. కాసేపటికి నిజంగానే నిద్రపోయింది. పెట్టెలమ్మ చప్పుడు కాకుండా మైకు ఆపి, ఆ మాటకి అక్కడికక్కడే రెండు నకళ్ళు తీసి, పిన్ని పక్కకి కుర్చీ లాక్కుని మేలుకుని కూర్చుంది.